ఆ ఉదయం ఆమెను డ్యూటీకి రమ్మన్నది నేనే

ఈసారి ఒక్క ఉత్తరానికే జవాబు రాస్తున్నాను. ఏడు పేజీల ఉత్తరం అది. పేరు, ఊరు బయటపెట్టొద్దని రాసినావిడ కోరారు. వయసు 38. మంచం దిగలేనివాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు, ఒకరు తినిపిస్తే తప్ప తినలేనివాళ్లు కలిపి 46 మంది ఉండే వృద్ధుల కేర్ హోమ్‌లో ఆవిడ నర్సింగ్ ఇన్‌చార్జి. సంగతి క్లుప్తంగా ఇదీ.

ఒక మంగళవారం తెల్లవారుజామున అయిదున్నరకు ఒక ఆయా ఫోన్ చేసింది. రాత్రి ఒంటిగంట నుంచి వాంతులవుతున్నాయి, ఈరోజు రాలేనంది. ఆ పూట డ్యూటీకి ఆమె కాక ఇంకొక్కరే ఉన్నారు. "మాత్ర వేసుకుని రా అమ్మా, మధ్యాహ్నం దాకా ఉండి వెళ్లిపోదువుగాని" అని ఈవిడ బతిమాలారు. ఆయా వచ్చింది. మధ్యలో రెండుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తింది. తొమ్మిది మందికి భోజనం తినిపించి వెళ్లింది. బుధవారం రాత్రికి అయిదుగురు పెద్దవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పదకొండు రోజుల్లో 19 మంది పెద్దవాళ్లు, ఏడుగురు సిబ్బంది మంచాన పడ్డారు. ఇద్దరిని ఆస్పత్రిలో చేర్చారు. అందులో 84 ఏళ్ల పెద్దాయన గురువారం జబ్బుపడి, ఆరో రోజున చనిపోయారు. మంగళవారం ఆయా తినిపించిన తొమ్మిది మందిలో ఆయన ఒకరు.

ఇప్పుడు హోమ్‌లో అందరూ ఆ ఆయాను వేలెత్తి చూపిస్తున్నారు. ఆమెను రమ్మన్నది ఎవరో ఇద్దరికే తెలుసు. యజమాని "ఏదీ కాగితం మీద పెట్టొద్దు, అడిగితే వాతావరణం మారిందని చెప్పు" అన్నారట. కొత్తగా మూడు రూల్స్ పెట్టారు. జబ్బని సెలవు పెడితే రెండు రోజుల జీతం కోత. రెండు నెలల దాకా కుటుంబసభ్యులు లోపలికి రాకూడదు. ప్రతి గుమ్మం దగ్గరా శానిటైజర్ సీసాలు రెట్టింపు. ఇవతల చనిపోయిన పెద్దాయన కూతురు వారానికి రెండుసార్లు ఫోన్ చేసి "నాన్నకు అసలు ఏమైంది, నిజం చెప్పండి" అని అడుగుతోంది. "ఆయన్ని చంపింది నేనేనా? ఆ అమ్మాయికి చెప్పాలా? మళ్లీ ఇలా జరగకుండా చూడటం నా చేతిలో ఉందా? లేక ఉద్యోగం మానేయనా?" అని రాశారు.

నా జవాబు.

అమ్మా, మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే మూడో పేజీలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన మాట దగ్గర ఆగిపోయాను. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి 12వ గదిలో పెద్దావిడకు రెండుసార్లు వాంతి అయిందనీ, నైట్ డ్యూటీలో ఉన్న ఆయా శుభ్రం చేసి రిపోర్ట్ బుక్‌లో "అజీర్తి" అని రాసిందనీ చెప్పారు. ఆ ఆయా, మంగళవారం జబ్బుపడిన ఆయా ఒకరే. సోమవారం ఆమెకు సెలవు. ఇంకో మాట కూడా రాశారు. మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికే 11వ గదిలో ఉన్నాయనకు విరేచనాలు మొదలయ్యాయి.

మీరు వర్ణించిన తీరు చూస్తే ఇది నోరోవైరస్‌లా ఉంది. ఉన్నట్టుండి వాంతులు, ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గడం, పెద్దవాళ్లతోపాటు సిబ్బందికీ అంటుకోవడం, ఒక గది నుంచి ఇంకో గదికి రెండు రోజుల్లోపు పాకడం అన్నీ దానికి సరిపోతున్నాయి. మలం శాంపిల్ ఎవరిదీ టెస్టుకు పంపలేదు కాబట్టి ఖాయంగా అనలేను. అదే అనుకుందాం. ఆ వైరస్ ఒంట్లోకి వెళ్లాక జబ్బు బయటపడటానికి 12 నుంచి 48 గంటలు పడుతుంది. ఇప్పుడు లెక్క వేసి చూడండి. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వాంతి శుభ్రం చేసిన మనిషికి మంగళవారం ఒంటిగంటకు, అంటే 28 గంటలకు, వాంతులు పట్టుకున్నాయి. 11వ గది ఆయనకేమో ఆయా డ్యూటీకి వచ్చిన కొద్ది గంటలకే మొదలయ్యాయి. ఆ రోజు ఆమె నుంచి ఆయనకు అంటి ఉండే వీలే లేదు. జబ్బు ఆదివారానికే మీ హోమ్‌లో ఉంది. ఆ ఆయా దాన్ని బయటి నుంచి మోసుకురాలేదు. ఒక పెద్దావిడ వాంతి ఎత్తిపోసినందుకు తనే జబ్బుపడిందనడానికే అవకాశం ఎక్కువ. నెల రోజులుగా ఆమె మోస్తున్న నింద తప్పు నింద.

మీ విషయానికి వస్తే, మీకు తేలికైన మాట చెప్పి పంపించడం నాకిష్టం లేదు. ఆమెను రమ్మనడం వల్ల నష్టం జరగలేదని నేను అనను. వాంతులవుతున్న మనిషి చేత్తో తొమ్మిది మందికి తినిపించడం జరగకూడని పని. పెద్దాయన గురువారం జబ్బుపడ్డారంటే ఆయనకు అది మంగళవారం భోజనంలో వచ్చి ఉండొచ్చు. 11వ గది నుంచి, అందరూ పట్టుకునే కారిడార్ రెయిలింగ్ నుంచి, ఒకే గుడ్డతో తుడిచిన వీల్‌చైర్ల నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. ఈ వైరస్ ఇరవై కణాలు లోపలికి వెళ్లినా చాలు, జబ్బు రావచ్చు. ఏ దారిన వచ్చిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. మీరు ఎంత రాత్రి దాకా మేలుకుని ఆలోచించినా తేలదు. మీరు ఒక తప్పు నిర్ణయం తీసుకున్నారు. అదనంగా ఒక్క మనిషి కూడా లేని చోట, అయిదున్నరకు, 46 మందిని ఒక్క ఆయా మీద వదిలేయలేక తీసుకున్నారు. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచుకుంటే మీకే నిద్ర పట్టదు.

నేనూ ఇరవై ఏళ్లు వార్డుల్లో పనిచేశాను. జ్వరంతో డ్యూటీ చేసినందుకు మెచ్చుకోలు అందుకున్న రోజులున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇది మీ ఒక్కచోటే జరిగింది కాదు. 2020 ఫిబ్రవరి చివర్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, కిర్క్‌లాండ్ అనే ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో కోవిడ్ బయటపడింది. మార్చి 18 నాటికి దాంతో ముడిపడిన కేసులు 167. అందులో 101 మంది అక్కడుండే వృద్ధులు, 50 మంది సిబ్బంది, 16 మంది చూడటానికి వచ్చినవాళ్లు. అక్కడి నుంచి చుట్టుపక్కల హోమ్‌లకు ఎలా పాకిందో ఆరోగ్యాధికారులు వెతికితే తేలిన కారణాల్లో రెండు మీకు బాగా తెలిసినవే. ఒంట్లో బాగోలేకపోయినా సిబ్బంది డ్యూటీకి రావడం ఒకటి, ఒకే మనిషి ఒకటికి మించిన హోమ్‌లలో పనిచేయడం ఒకటి. మాస్కులు, గ్లౌజులు సరిపడా లేకపోవడం, వాటిని వాడటం సరిగా రాకపోవడం, జబ్బును ఆలస్యంగా గుర్తించడం మిగతావి.

అందుకే "మళ్లీ జరగకుండా చూడటం నా చేతిలో ఉందా" అన్న మీ ప్రశ్నకు జవాబు జీతం కోత రూల్ దగ్గర మొదలుపెడతాను. యజమాని మూడు రూల్స్‌లోకీ ప్రమాదకరమైనది అదే. రోజు కూలి లెక్కన బతికే ఆయా రెండు రోజుల జీతం పోతుందంటే ఏం చేస్తుంది? వాంతులైనా చెప్పదు. పోయినసారి ఆమె ఫోన్ చేసి చెప్పింది, గమనించారా? ఇకమీదట ఎవరూ ఫోన్ చేయరు. మీకు మిగిలి ఉన్న ఒకే ఒక్క ముందస్తు హెచ్చరికను ఆ రూల్ నోరు నొక్కేస్తుంది.

దీని మీద యజమానితో మాట్లాడటానికి మీకు రెండు మూడు దారులు కనిపిస్తున్నాయి. జీతంతో కూడిన సిక్ లీవ్ ఇవ్వమని నేరుగా అడగొచ్చు. "అందరూ జబ్బనే చెబుతారు" అంటారు, సిద్ధంగా ఉండండి. అప్పుడు లెక్క ముందు పెట్టండి. ఏడుగురు సిబ్బంది పడిపోయి పోయిన పనిదినాలు ఎన్ని, ఓవర్‌టైమ్‌కు ఎంతైంది, ఇద్దరిని ఆస్పత్రికి తరలించడానికి ఎంతైంది, ఎన్ని కుటుంబాలు తమవాళ్లను తీసుకెళ్లిపోయాయి? ఆ పక్కన ఒక ఆయాకు మూడు రోజుల జీతం రాయండి. ఈ దారిలో ఫలితం త్వరగా రావచ్చు, మీరు నోరున్న మనిషిగా ముద్రపడనూవచ్చు. అంత దూరం వెళ్లలేననుకుంటే, వాంతులు, విరేచనాలు, జ్వరం ఈ మూడింటికి మాత్రం కోత వద్దని అడగండి. ఒప్పుకోవడం తేలిక. కానీ దగ్గు, ఒళ్లునొప్పులతో వచ్చే ఫ్లూ అందులోంచి జారిపోతుంది. ఇంకో పద్ధతి, పిలిస్తే వచ్చే ఇద్దరు మనుషుల పేర్లు ముందే రాసి పెట్టుకోవడం. ఇదివరకు అక్కడ పనిచేసి మానేసినవాళ్లు, సగం పూట మాత్రమే చేయగలిగినవాళ్లు అయినా సరే. దీనికి యజమాని పెద్దగా అడ్డుచెప్పరు. కాకపోతే జీతం కోత రూల్ ఉన్నంతకాలం ఆ ఇద్దరి అవసరం వచ్చిందని మీకు తెలిసేదెలా? అందుకని ఇది ఒక్కటే చాలదు.

ఎవరూ దొరకని ఉదయాలు ఎలాగూ వస్తాయి. ఆ రోజు ఏ పనులు ఆపేయొచ్చో ఇప్పుడే, తీరిగ్గా ఉన్నప్పుడే, కాగితం మీద రాసుకోండి. స్నానాలు ఒక పూట ఆగొచ్చు, పక్క బట్టలు మార్చడం మురికి కానివాళ్లకు ఆగొచ్చు. తినిపించడం, నీళ్లు తాగించడం, మందులు, డైపర్లు ఆగకూడదు. అయిదున్నరకు ఫోన్ మోగినప్పుడు ఆ కాగితం ఉంటే "రా అమ్మా" అనే మాట మీ నోటి వెంట రాదు. జబ్బు తగ్గాక కూడా 48 గంటలు గడిచేదాకా రావద్దని చెప్పాలి, వంటవాళ్లకైతే మరీ గట్టిగా. వాంతులు ఆగిన తర్వాత కూడా మలంలో వైరస్ రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పోతూనే ఉంటుంది. అందుకే తిరిగి వచ్చినవాళ్ల చేతుల మీద మరికొన్నాళ్లు కన్నేసి ఉంచండి.

ఇక శానిటైజర్ సీసాలు. ఇవి తప్పు కాదు గానీ ఈ జబ్బుకు చాలవు. ఆల్కహాల్ శానిటైజర్ ఫ్లూ మీద, కోవిడ్ మీద బాగానే పనిచేస్తుంది. నోరోవైరస్ మీద అంతగా పనిచేయదు. యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడినవాళ్లకు విరేచనాలు తెచ్చే క్లోస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా బీజాలనైతే అసలు ఏమీ చేయలేదు. ఈ రెండింటికీ సబ్బూ నీళ్లే. చేతులు తడిపి, సబ్బు రుద్ది, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు చుట్టూ తోమి కడగడానికి మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. రెండు కారిడార్లకూ కలిపి ఒకే సింక్ ఉందని రాశారు. అంత దూరం నడిచి వెళ్లి నిమిషం సేపు కడుక్కోమంటే షిఫ్ట్‌లో ఎవరికి వీలవుతుంది? కొత్త సీసాల డబ్బుతో ఇంకో సింక్ పెట్టించగలరేమో అడగండి.

వాంతి అయిన చోటు గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే మీ 12వ గదిలో కథ అక్కడే మొదలైంది. వాంతి పడేటప్పుడు కంటికి కనిపించని తుంపరలు గాలిలోకి లేచి కొన్ని అడుగుల దూరం వెళ్లి పడతాయి. నేల మీద మరక వరకు తుడిస్తే సరిపోదు. మంచం కమ్మీ, కాలింగ్ బెల్, టీవీ రిమోట్, వాకర్ పిడి, పక్క మంచం అంచు కూడా తుడవాలి. గ్లౌజులు, మాస్క్, ఏప్రాన్ వేసుకుని ముందుగా పారేసే కాగితంతో ఎత్తేయాలి. తర్వాత సబ్బు నీళ్లతో తుడవాలి. ఆఖరున బ్లీచ్. మురికి మీదే బ్లీచ్ పోస్తే దాని బలం మురికికే సరిపోతుంది, వైరస్ దాకా వెళ్లదు. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ అయితే ఒక పాలుకు 49 పాళ్ల నీళ్లు కలిపితే 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 1000 పాళ్లు మందు) ద్రావణం అవుతుంది, 9 పాళ్లు కలిపితే 5000 పీపీఎం. నోరోవైరస్‌కు ఈ రెండింటి మధ్య బలం కావాలి. వాంతి పడిన చోట ఎక్కువ బలానిదే వాడండి. తుడిచేసి వెంటనే ఆరబెట్టకుండా కనీసం అయిదు నిమిషాలు తడిగా ఉంచాలి. ఏ రోజుకారోజు కొత్తగా కలపాలి. బాత్రూమ్‌లు కడిగే యాసిడ్‌తో మాత్రం పొరపాటున కూడా కలపనివ్వొద్దు, విషవాయువు వస్తుంది. ఈ సామానంతా ఒక బకెట్‌లో సర్ది, నైట్ డ్యూటీ వాళ్ల చేతికి అందేచోట పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి స్టోర్ రూమ్ తాళం కోసం వెతుక్కునే పరిస్థితిలో ఎవరైనా దొరికిన గుడ్డతోనే తుడుస్తారు.

"అజీర్తి" అన్న మాటకు వస్తాను. అది రాసిన ఆయాను నేను తప్పుపట్టను. ఒక్కరికి వాంతి అయితే ఎవరైనా అలాగే అనుకుంటారు. మరునాడు పొద్దున ఆ పుస్తకం చదివి, మిగతా గదుల్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగే మనిషి లేకపోవడమే లోపం. ఒక పేజీ గీసుకోండి. పేరు, గది, ఏ రోజు ఎన్నింటికి మొదలైంది, ఏమేం లక్షణాలు, ఆ పూట ఎవరు చూసుకున్నారు. అంతే. హ్యాండోవర్‌లో, అంటే షిఫ్ట్ మారేటప్పుడు పని అప్పగించే వేళ, మొదట ఆ పేజీ, తర్వాతే మిగతావి. ఒకటి రెండు రోజుల్లో ఇద్దరికి వాంతులో విరేచనాలో కనిపిస్తే టెస్టు కోసం చూడకుండా పని మొదలుపెట్టండి. అందరినీ హాల్లో కూర్చోబెట్టి భోజనం పెట్టడం ఆపండి. జబ్బుపడినవాళ్లను, తగ్గాక 48 గంటల దాకా, గదిలోనే చూసుకోండి. వాళ్లకు వేరే ఆయాను, మిగతావాళ్లకు వేరే ఆయాను కేటాయించండి. కొత్తవాళ్లను చేర్చుకోవద్దు. ఎవరినైనా ఆస్పత్రికి పంపితే ఇక్కడ ఫలానా జబ్బు నడుస్తోందని అక్కడివాళ్లకు ముందే చెప్పండి. మొదటి రెండు మూడు రోజుల్లోనే నలుగురైదుగురి మలం శాంపిల్స్ టెస్టుకు వెళ్లేలా డాక్టర్‌ని అడగండి.

పెద్దవాళ్లలో జబ్బు మనలో కనిపించినట్టు కనిపించదని మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, మీ ఆయాలకు ఎవరైనా చెప్పారా? నిన్నటిదాకా బాగా మాట్లాడినాయన తికమకగా మాట్లాడటం, రెండు ముద్దలు తిని ఇక చాలనడం, ఉన్నట్టుండి పడిపోవడం, పగలంతా మగతగా ఉండటం, వీటిలో ఏదైనా ఇన్‌ఫెక్షన్‌కు మొదటి గుర్తు కావచ్చు. జ్వరానికి 101 డిగ్రీల కోసం ఎదురుచూడకూడదు. కేర్ హోమ్‌లలో ఉండే వృద్ధులకు నోటిలో పెట్టి చూస్తే 100 ఫారెన్‌హీట్ దాటినా, పదేపదే 99 దాటుతున్నా, ఆ మనిషికి మామూలుగా ఉండేదానికంటే 2 డిగ్రీలు పెరిగినా జ్వరంగానే లెక్కపెట్టాలని నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎవరికి మామూలుగా ఎంత ఉంటుందో తెలియాలంటే, బాగున్న రోజుల్లో చూసి రాసిపెట్టుకోవాలి.

దాహం కూడా అంతే. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు మొదలైన మొదటి గంటల నుంచే ఓఆర్ఎస్ చెంచాలతో పట్టించాలి. బీపీకి, ఒంట్లో నీరు తీయడానికి మందులు వాడేవాళ్ల విషయంలో అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేసి ఆ మాత్రలు కొనసాగించాలా, కొన్నాళ్లు ఆపాలా అని అడగాలి. ఒళ్లు ఎండిపోతున్న మనిషికి అవే మందులు నడిస్తే కిడ్నీలు దెబ్బతినవచ్చు. పెద్దాయన విషయంలో ఆ ఫోన్ ఎప్పుడు వెళ్లిందో మీ ఉత్తరంలో లేదు. మీ మనసు ఆ మంగళవారం దగ్గరే చిక్కుకుంది. గురువారం నుంచి శనివారం దాకా ఏం జరిగిందో కూడా అంతే జాగ్రత్తగా చూడండి. వచ్చేసారి ఒక ప్రాణం నిలబడేది అక్కడే కావచ్చు.

ఫ్లూ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫ్లూ వచ్చినవాళ్లు లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే అంటిస్తారు. కోవిడ్‌లోనైతే ఇంకా ఘోరం. కిర్క్‌లాండ్ తర్వాత అదే రాష్ట్రంలో మరో హోమ్‌లో అందరికీ టెస్టులు చేస్తే పాజిటివ్ వచ్చిన 48 మంది వృద్ధుల్లో 27 మందికి ఆ రోజున ఏ లక్షణమూ లేదు. కాబట్టి లక్షణాలు చూసి ఆపేద్దామనుకుంటే సగం మందిని వదిలేసినట్టే. టీకాలు ఇందుకే. వృద్ధుల ఒంట్లో టీకా పనితనం కొంత తక్కువగానే ఉంటుంది కాబట్టి వాళ్లతోపాటు సిబ్బంది కూడా ఏటా వేయించుకోవాలి. ఫ్లూ సీజన్‌కు ముందే వేయించాలి, రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. 72 గంటల్లో ఇద్దరు పెద్దవాళ్లు జబ్బుపడి, వాళ్లలో ఒక్కరికి ఫ్లూ అని టెస్టులో తేలినా, జబ్బు రాని మిగతా వృద్ధులందరికీ ఒసెల్టమివిర్ లాంటి ఫ్లూ మందు ముందుజాగ్రత్తగా మొదలుపెట్టాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. కనీసం రెండు వారాలు, ఆఖరి కేసు తర్వాత ఇంకో ఏడు రోజులు దాటేదాకా. కిడ్నీ పనితీరును బట్టి మోతాదు మారుతుంది కాబట్టి డాక్టర్‌తో ఆ మాట సీజన్‌కు ముందే మాట్లాడి పెట్టుకోండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పక తప్పదు. షుగర్ చూడటానికి "అందరికీ ఒకే పెన్ను, సూది మాత్రం మారుస్తాం" అని అయిదో పేజీలో రాశారు. అది ఈ వారమే ఆపేయండి. వేలికి గుచ్చే పరికరాన్ని సూది మార్చి ఇంకొకరికి వాడిన కేర్ హోమ్‌లలో రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు హెపటైటిస్ బి ఒకరి నుంచి ఒకరికి పాకిన సంఘటనలు చాలా ఉన్నాయి. ఒక్కసారి గుచ్చి పారేసే లాన్సెట్లు వాడండి. రీడింగ్ చూసే మెషిన్ ఎవరిది వాళ్లకు ఉంటే మంచిది, లేదంటే ప్రతి మనిషి తర్వాతా క్రిమిసంహారకంతో తుడవాలి.

కుటుంబాలను రెండు నెలలు రానివ్వకపోవడం గురించి. జబ్బు పాకుతున్న ఆ పదకొండు రోజులూ రాకపోకలు తగ్గించడంలో న్యాయముంది. ఇప్పుడు జబ్బు లేదు. 2020లో చాలాచోట్ల నెలల తరబడి తలుపులు మూసేస్తే వృద్ధులు తిండి మానేశారు, నడక మరిచిపోయారు, సొంతవాళ్ల ముఖాలు మరిచిపోయారు. మతిమరుపు ఉన్నవాళ్లకు ఎందుకు ఎవరూ రావడం లేదో చెప్పినా గుర్తుండదు. ఇంకోటి, రోజూ వచ్చే కూతుళ్లూ కొడుకులే చాలాసార్లు "అమ్మ ఈరోజు తేడాగా ఉంది" అని మొదట కనిపెట్టేది. గుమ్మంలో ఒంట్లో ఎలా ఉందని అడిగి, చేతులు కడిగించి, బాగోలేదంటే వెనక్కి పంపండి.

కాగితం మీద పెట్టొద్దన్న మాట కష్టమైనది. మీరు ఒప్పుకుంటే రేపటికి గొడవ ఉండదు. కానీ ఎప్పుడైనా ఎవరైనా అడిగిన రోజున పుస్తకంలో అబద్ధం మీ చేతిరాతలో ఉంటుంది, యజమాని చేతిరాతలో కాదు. రెండో దారి, మీ గుర్తున్నంతవరకు తేదీలు, గదులు, సమయాలు ఇప్పుడే రాసి, ఇవాళ్టి తేదీ వేసి సంతకం చేసి, మీ హోమ్‌కు వచ్చే డాక్టర్‌తో కలిసి యజమాని ముందు పెట్టడం. పాత పేజీలు దిద్దొద్దు, చింపొద్దు. మూడోది, నేరుగా ఆరోగ్యశాఖకు తెలియజేయడం. ఇలా గుంపుగా జబ్బు వస్తే చెప్పి తీరాలన్న నిబంధన చాలాచోట్ల ఉంది. మీ దగ్గర ఏముందో ఆ డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి. చెబితే టెస్టులు, సలహా, సాయం దొరుకుతాయి, ఉద్యోగానికి ముప్పూ రావచ్చు. నేనైతే రెండో దారితో మొదలుపెట్టి, అక్కడ తలుపు మూసుకుంటే మూడో దారి పట్టేదాన్ని. మీ ఇంటి పరిస్థితి నాకు తెలియదు కాబట్టి మీరు అలాగే చేయాలని అనను.

ఆ కూతురి ఫోన్‌కు "వాతావరణం మారింది" అని మాత్రం చెప్పకండి. ఆమె నమ్మడం లేదు కాబట్టే వారానికి రెండుసార్లు చేస్తోంది. హోమ్‌లో వాంతులు, విరేచనాలు పాకాయనీ, 19 మందికి వచ్చిందనీ, ఆదివారం నుంచే మొదలైందనీ, మేం ఆలస్యంగా గుర్తించామనీ, జబ్బుగా ఉన్న సిబ్బంది ఒకరు డ్యూటీలో ఉన్నారనీ చెప్పొచ్చు. ఇవన్నీ ఆమెకు తెలియాల్సినవి. "రమ్మన్నది నేనే" అన్న మాట కూడా అప్పుడే చెప్పాలా అన్నది మీరు తేల్చుకోవాల్సింది. చెబితే ఆమెకు కోపం రావచ్చు, ఫిర్యాదు చేయవచ్చు, ఆ హక్కు ఆమెకుంది. చెప్పకుండా "సిబ్బంది ఒకరు" దగ్గరే ఆపితే, నేరం ఆ ఆయా మీదే నిలిచిపోతుంది. నాకు ఇబ్బందిగా అనిపించేది అదే. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. ఆమె ముందు మీరు ఏడ్చి, ఆమె చేత "పర్లేదండీ" అనిపించుకునే పరిస్థితి తేవద్దు. తండ్రి పోయిన మనిషి మిమ్మల్ని ఓదార్చాల్సిన పని లేదు. ఫోన్‌లో కాకుండా పిలిచి, డాక్టర్‌ని కూడా కూర్చోబెట్టుకుని, ఆమె అడిగినవాటికి జవాబు చెప్పి, ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చోండి.

ఉద్యోగం మానేయడం గురించి ఇప్పుడే తేల్చుకోవద్దు. జీతం కోత రూల్ మీద యజమాని ఏమంటారో విన్నాక ఆలోచించవచ్చు. ఆ రూల్ అలాగే ఉండి, పుస్తకంలో అబద్ధాలు రాయమంటూనే ఉంటే, అక్కడ ఎంత మంచి నర్సు ఉన్నా చేయగలిగింది తక్కువ.

వీటన్నిటికంటే ముందు ఒక పని ఉంది. దానికి యజమాని అనుమతి అక్కర్లేదు. రిపోర్ట్ బుక్‌లో ఆ ఆదివారం పేజీ తీసి, ఆ ఆయాను పక్కన కూర్చోబెట్టుకుని, 12వ గది, రాత్రి తొమ్మిది, ఆమె రాసిన ఆ "అజీర్తి" అన్న మాట చూపించండి. ఇరవై ఎనిమిది గంటల లెక్క ఆమెకు చెప్పండి. ఆ తర్వాత అదే లెక్క మిగతా సిబ్బంది అందరి ముందు, హ్యాండోవర్ సమయంలో, ఫోన్‌లో మీరు ఆ ఉదయం ఏమన్నారో దాంతో సహా చెప్పండి.